ఒక్క రింగు

19 జూన్ 2006, సోమవారం

స్కూల్లో జాయ్ ఫోను మళ్ళీ పట్టుకున్నారు.

మొదటిసారి నేనే స్కూలుకు వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఈసారి సంతకం చెల్లదట. పరీక్షలన్నీ అయ్యాక ఏప్రిల్లో ఇస్తారట. ఇంకోసారి ఫోను దొరికితే టీసీ చేతిలో పెట్టి పంపేస్తారట. తొమ్మిదో తరగతి మధ్యలో టీసీ పుచ్చుకున్న పిల్లని ఎవరు చేర్చుకుంటారు? నేను టెన్త్‌తో ఆపేశాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కాల్సింది నా చెల్లెలు జాయ్ ఒక్కతే. ఈ సీటు కోసం అమ్మ పాస్టరుగారి చేత చెప్పించింది, తను నర్సుగా చేసే నర్సింగ్‌హోమ్ డాక్టరమ్మ చేత చెప్పించింది, ఆఖరికి తనే వెళ్ళి ఆఫీసు బయట బల్ల మీద రెండు పూటలు కూర్చుంది.

ఆ ఫోనులో ఏముందని ఇంత గొడవ? నేను వాడి వదిలేసిన నోకియా. నలుపు తెలుపు. నెత్తిన టార్చి. అంకెల అచ్చు కూడా అరిగిపోయింది. దాని పని ఒక్కటే. జాయ్ మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర బస్సు దిగి, రింగ్ రోడ్డు దాటి, ఇంటి తాళం తీసి, లోపల గొళ్ళెం పెట్టుకుని నాకు ఒక్క రింగు ఇస్తుంది. నేను ఎత్తను. గుండె మీంచి రాయి దిగుతుంది. అంతే.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. బ్రూక్‌ఫీల్డ్‌లో నేను పనిచేసే ట్రాన్స్‌పోర్ట్ డెస్కు నడిచేదే దీని మీద. కాల్‌సెంటర్ వాళ్ళ ఇంటి ముందు క్యాబ్ ఆగితే డ్రైవర్ ఒక్క రింగు ఇస్తాడు. ఎక్కించుకుని బయల్దేరితే రెండు. మూడంటే ఏదో గొడవ, నువ్వే చెయ్యమని. మధ్యాహ్నం నుంచి నా టేబుల్ మీద ఫోన్లు దగ్గుతూనే ఉంటాయి. మిస్డ్ కాల్ ఎత్తినవాణ్ణి మా దగ్గర మనిషిగా చూడరు. ఎత్తితే అవతలివాడి బాలన్స్ పోతుంది. ఆ మాత్రం ఇంగితం ఉండాలి.

అదే పద్ధతి ఇంటికి తెచ్చాను. అమ్మ డ్యూటీ ఎక్కితే జాయ్‌కి ఒక్క రింగు, దిగితే రెండు. ఇవాళ ప్రేయర్‌లో అందరూ కళ్ళు మూసుకుని ఉండగా అమ్మ రింగు వచ్చిందట. సైలెంట్‌లో పెట్టలేదు దద్దమ్మ.

అమ్మకు చెప్పలేదు. జాయ్‌ని కూడా చెప్పొద్దన్నాను. పిల్లకు ఫోనెందుకే అని మొదట్నుంచీ అడ్డం పడింది అమ్మే. నేను ముందే అన్నానా అంటుంది. ఆ ఒక్క మాట నేను భరించలేను.

20 జూన్

ప్రిన్సిపల్ మీదికి యుద్ధానికి వెళ్ళాను. ఓడిపోయి వచ్చాను.

పేరు భాగీరథమ్మ. అందరూ మిస్ అంటారు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర. కాటన్‌పేటలో బట్టల వ్యాపారం చేసే పాతకాలం తెలుగువాళ్ళ ఇంటి ఆడపడుచు. రోజూ ఊరి మధ్య మెజెస్టిక్ బస్టాండులో బస్సు మారి ఇంత దూరం వస్తుంది. ఏమ్మా పాపా, మా కాలంలో ఫోన్లు ఉండాయా, మేము సదువుకోలేదా అంది. మీ కాలంలో రింగ్ రోడ్డు ఉందా అన్నాను. నీకు నోరు శానా ఉండాది అంది. ఉద్యోగం అదేనండి అన్నాను. రూలు నేను పెట్టింది కాదప్పా, కరెస్పాండెంట్ రాజగోపాల్ పెట్టినాడు, నేను నడిపిస్తా ఉండాను, అంతే, సుమ్నే నా తల తినొద్దు అంది. ఈ ఊరి కన్నడం ఆమె తెలుగులో కలిసిపోయింది, సుమ్నే అంటే ఊరికే.

డ్రాయర్ లాగి చూపించింది. బుట్టలో చేపల్లాగా ఫోన్లు. ఒక్కొక్కదానికీ పిల్ల పేరు రాసిన చీటీ, రబ్బరు బ్యాండు. మా నోకియాకి చేతిరుమాలు చుట్టి ఉంది. ఆఫ్ చేయడం రాక, మోగకుండా కప్పిందట. ఆఫ్ చేసి ఇస్తానన్నాను. ముట్టుకోవద్దంది.

సరే. చలికి చావకుండా ఆ ఫోనైనా హాయిగా ఉంది.

23 జూన్

నాలుగున్నరకు రింగు లేదు. ఐదుకు లేదు. బస్టాప్ దగ్గర బేకరీ ముందు కాయిన్ బాక్స్ ఉంది కదా, దాంట్లోంచి చెయ్యమన్నాను. అది రూపాయి మింగి ఊరుకుందట. పక్క కొట్టు దాకా నడిచి ఐదున్నరకు చేసింది. ఈలోపల నేను ముగ్గురు డ్రైవర్లను తిట్టాను. వాళ్ళ తప్పేం లేదు. ఒకడు నా మొహం చూసి టీ తెచ్చిచ్చాడు. దానికి ఇంకా కోపం వచ్చింది.

27 జూన్

ఇది వినాలి. ప్రిన్సిపల్ జాయ్‌ని పిలిచి ఛార్జర్ తెమ్మందట. జాయ్ ఇవాళ పట్టుకెళ్ళి ఇచ్చేసింది కూడా.

ఛార్జర్‌ను కూడా సీజ్ చేస్తారా? రేపు సాకెట్ పీక్కుని రమ్మంటుందా? ఎందుకడిగిందే అంటే, ఏమో అక్కా అని దుప్పట్లో దూరింది.

1 జూలై, శనివారం

ఇంకో ఫోను తెచ్చాను. సెకండ్ హ్యాండ్. సబ్బు ముక్కంత ఉంది. జాయ్ బ్యాగు అడుగున కుట్టు విప్పి, అట్ట కింద దానికో అర చేశాను. జాయ్ వద్దంది. వద్దక్కా, దొరికితే టీసీ అక్కా, బస్సు దిగి కాయిన్ బాక్స్‌లో చేస్తాలే అంది. ఆ పెట్టె సంగతి నాకు చెప్పకు అన్నాను. మిస్ అంత చెడ్డది కాదక్కా అని నసిగింది. మీ మిస్ వకాల్తా నీకెందుకే అన్నాను.

స్విచాఫ్‌లోనే ఉంటుంది. ఇంటికొచ్చాకే ఆన్. ఇందులో దొరికేదేముంది?

3 జూలై

4.35. ఒక్క రింగు.

ఈ పూట డెస్కులో అందరికీ సమోసాలు తెప్పించాను.

5 జూలై

అమ్మ మళ్ళీ రీచార్జ్ అడిగింది. మొన్ననే వేయించాను. ఎవరికి చేస్తున్నావే అమ్మా అంటే, నర్సింగ్‌హోమ్‌లో పేషంట్ల వాళ్ళు అడుగుతారు, కాదనలేక ఇస్తాను అంది. అబద్ధం. అమ్మ బైబిల్ పట్టుకుని కూర్చుని అబద్ధమాడితే కుడి కన్ను కొట్టుకుంటుంది. కొట్టుకుంది.

నిన్న టెర్రస్ మీద బట్టలు తీస్తూ ఫోనులో నవ్వుతోంది. నేను మెట్లెక్కగానే పెట్టేసింది. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. అమ్మ అలా నవ్వగా విని కూడా తొమ్మిదేళ్ళు.

ఎవరై ఉంటారు? అడగను. అడిగితే చెప్తుందేమోనని భయం.

8 జూలై

జాయ్‌కి కళ్ళద్దాలు వచ్చాయి. అమ్మ ఉన్నట్టుండి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బోర్డు మీద అక్షరాలు దానికి ఆర్నెల్ల నుంచీ కనపడటం లేదట. ఒక్క మంచం మీద పడుకునే నాకు తెలియలేదు, నైట్ డ్యూటీలు చేసే అమ్మకు ఎలా తెలిసింది? నర్సు కన్ను కదా అంది. కుడి కన్ను కొట్టుకుంది.

ఇవాళ డెస్కులో ఇంకో వింత. మా డ్రైవర్ ఓబులేసు, అనంతపురం మనిషి, ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆయన కూతురు అక్షర జాయ్ క్లాసే. ఆ పిల్ల ఫోను కూడా డ్రాయర్‌లోనే ఉంది. నేను రాత్రంతా బండి తోలి పగలంతా పడుకునేవాణ్ణి కరుణమ్మా, బడి ఏ పక్కకు తిరిగి ఉంటదో గూడా నాకు తెల్దు, ఇప్పుడు నా బిడ్డ లెక్కల్లో ఏడ తప్పుతాందో చెప్తా చూడు అన్నాడు. చెప్పాడు. భిన్నాల దగ్గరట. ఎవరు చెప్పారంటే ముసిముసిగా నవ్వి, ఉండారులే ఒకరు, నీకు చెప్పొద్దన్నారు అన్నాడు.

నాకు చెప్పొద్దని ఎవరన్నారు? ఎందుకన్నారు? నేనేం చేశానని?

14 జూలై, శుక్రవారం

నా మీద నాకే కోపం. ఇది కొత్త.

మూడింటికి ఆకాశం చిల్లు పడినట్టు వాన. రింగ్ రోడ్డు మీద నీళ్ళు బానెట్ దాకా అని డ్రైవర్ల ఫోన్ల మీద ఫోన్లు. నాలుగున్నర, ఐదు, ఐదుంబావు. రింగు లేదు. ఆలోచించకుండా జాయ్ నంబరు కొట్టాను. స్విచాఫ్‌లో ఉంటుందిలే, మోగదులే అనుకుంటూనే కొట్టాను. మోగింది. ఆగకుండా మోగించాను. ఒక్క రింగు మనిషినని నా పేరు. ఈ పూట ఎన్ని రింగులో దేవుడికే తెలియాలి.

వాన తగ్గేదాకా పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టారట. నేను కంగారుపడతానని జాయ్ నాకు రింగు ఇద్దామని బ్యాగులో చెయ్యి పెట్టి అప్పుడే ఆన్ చేసిందట. అది ఇచ్చేలోపు నేనిచ్చాను. స్కూలు ఎలా ఉందో చూద్దామని వచ్చిన రాజగోపాల్ సరిగ్గా దాని వెనకే నిలబడి ఉన్నాడట.

మూడోసారి. మంగళవారం తల్లి రావాలి. టీసీ రాసి ఉంచుతారట.

జాయ్ ఏడవలేదు. కొత్త కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నీ తప్పు కాదులే అక్కా అంది. తిట్టినా బాగుండేది.

15 జూలై

అమ్మకు చెప్పాను. మొత్తం. మొదటి ఫోను, రెండో ఫోను, కుట్టు, వాన.

అమ్మ జాయ్ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఆపలేదు. కాలర్ తిప్పి, రెండో వైపు కూడా చేసి, మొదటిది తెలుసులే, రెండోదే ఇప్పుడు తెలిసింది అంది.

ఎలా తెలుసు?

మంగళవారం నువ్వు నోరు అదుపులో పెట్టుకుంటే చాలు, మిగతాది ప్రభువు చూసుకుంటాడు అంది. నేను ముందే అన్నానా అని మాత్రం అనలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

16 జూలై, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఉపన్యాసం రాస్తున్నాను. రాజగోపాల్‌కు ఇంగ్లీషులో చెప్తేనే ఎక్కుతుందట, కాబట్టి ఇంగ్లీషులో. ముందు ఇక్కడ తెలుగులో తిట్టుకుంటే అక్కడ మర్యాదగా వస్తుంది.

అయ్యా రాజగోపాల్ గారూ. పిల్ల చేతిలో ఫోను ఉంటే చెడిపోతుందంటారు. నా ఇంగ్లీషు ఎక్కడిదనుకున్నారు? మీలాంటి స్కూళ్ళు నాకు పెట్టింది కాదు. నా క్యాబ్ ఎక్కడ, ఇంకా ఎంతసేపు అని అర్ధరాత్రి ఉద్యోగులు అరుస్తూ పంపిన ఎస్సెమ్మెస్‌లు చదివి చదివి, అలాగే తిరిగి కొట్టి కొట్టి నేర్చుకున్నాను. జాయ్ నాకు స్పెల్లింగులు అడుగుతూ మెసేజ్ పెడుతుంది. తెలియనివి డెస్కులో అందర్నీ అడిగి పంపిస్తాను. అలా ఇద్దరం నేర్చుకుంటున్నాం. క్లాసులో పాము ఆట ఆడతారంటారు. ఆడతారు. కాంపాస్‌తో బెంచీల మీద పేర్లు కూడా చెక్కుతారు. కాంపాస్‌లు సీజ్ చేశారా? ఫోన్లు మోగితే పాఠం చెడుతుందంటారు. మోగకుండా పెట్టడం నేర్పండి. బడి ఉన్నదే నేర్పడానికి కదా. ఇంట్లో తాతయ్యో నాయనమ్మో గేటు దగ్గర ఎదురుచూసే పిల్లలకు ఫోను అక్కర్లేదేమో. మా వీధిలో నాలుగింటికి అన్ని ఇళ్ళకూ తాళాలే. అమ్మలు కుట్టుమిషన్ల దగ్గర, నాన్నలు స్టీరింగుల దగ్గర, అక్కలు డెస్కుల దగ్గర. ఆ తాళం తీసిన చప్పుడు మాకు వినపడేది ఆ ఒక్క రింగులోనే. అది ఆపే హక్కు మీకెవరిచ్చారు?

చివరి వాక్యం జాయ్ కొట్టేయమంది. కొట్టెయ్యను.

18 జూలై, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మూడింటికి అమ్మా నేనూ వెళ్ళాం. అమ్మ తెల్ల చీర కట్టుకుంది, ఉపన్యాసం నా చేతిలో. రాజగోపాల్ ప్రిన్సిపల్ కుర్చీకి ఎదురుగా కాళ్ళు చాపుకుని ఉన్నాడు. టేబుల్ మీద టీసీ, దాని మీద బరువుగా ఆయన సెల్‌ఫోను. భాగీరథమ్మ మిస్ తలెత్తి అమ్మను చూసి, ఏమి మార్తమ్మా, మోకాలి నొప్పి తగ్గినాదా, ఆ నూనె రాసినావా లేదా అంది. అమ్మ, రాశానండీ, మీ బీపీ చూపించుకున్నారా లేదా అంది.

టెర్రస్ మీద నవ్వు. రీచార్జ్‌లు. ఛార్జర్. ఓబులేసు ఈల. అన్నీ ఒకేసారి వచ్చి మొహాన కొట్టాయి.

జరిగింది ఇదీ. ఫోను డ్రాయర్‌లో ఉందని తెలియక అమ్మ ఎప్పటిలాగే రింగు ఇచ్చింది. ఫోను మోగితే ఎత్తాలి అనుకునే కాలం మనిషి మిస్. ఎత్తేసింది. అమ్మ హడలిపోయి, ఎవరండీ మీరు, మా పిల్ల ఏదీ అంది. ఆమె విషయం చెప్పింది. మర్నాడు అమ్మ మళ్ళీ ఇచ్చింది, మిస్ మళ్ళీ ఎత్తింది. మిస్డ్ కాల్ ఎత్తకూడదని అమ్మ ఎంత చెప్పినా, పిలిస్తే పలకకుండా ఎట్లుండేదమ్మా అని వారం రోజులు ఎత్తుతూనే ఉందట. ఆ వారంలోనే జాయ్ బోర్డు చూసి తప్పులు రాస్తోందని మిస్ చెప్పింది. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతోందని అమ్మ చెప్పింది. ఇద్దరివీ కలిస్తే కళ్ళద్దాలు అయ్యాయి. నాకెందుకు చెప్పలేదంటే, మీ పెద్దమ్మాయికి చెప్పొద్దు తల్లీ, మళ్ళీ నా మీదికి కొట్లాటకు వస్తుందని మిస్ బతిమాలిందట. జాయ్‌కీ తెలుసు. అందరికీ తెలుసు. నా కోపానికి భయపడి ఊరంతా నా వెనక సంతోషంగా ఉంది.

రాజగోపాల్ గొంతు సవరించుకుని, మిస్, ఇదంతా సరే, రూల్ ఈజ్ రూల్ అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను పాట పాడింది. ఎత్తి, మీటింగులో ఉన్నా, తర్వాత చెయ్యి అన్నాడు. నేను నోరు తెరిచాను. అమ్మ నా కాలు తొక్కింది.

అప్పుడు డ్రాయర్ దగ్గింది. ఒక్కసారి.

మిస్ డ్రాయర్ తెరవలేదు. గోడ గడియారం చూసింది. ఓబులేసప్పది, నిద్ర లేసినాడు, అక్షర నేరుగా ఇంటికి పోవచ్చు అని అటెండర్ పాపక్కతో క్లాసుకు కబురు పంపింది. పాపక్క గడప దాటిందో లేదో మళ్ళీ దగ్గింది. ఇది గార్మెంట్స్‌లో ఈరమ్మది, ఇప్పుడు టీ టైము, పని ఏమీ లేదు, బిడ్డ ఉండాడా అని సుమ్నే అడగతాది అంది. ఇంకోటి. రెండు రింగులు. ఆ అబ్బికి ఈ పొద్దు వాళ్ళ నాయన రాలేడు, పక్కింట్లో ఉండమని చెప్పల్ల అని చీటీ రాసుకుంది. బడి వదిలేముందు వేళ అది. డ్రాయర్ ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చిన దూరపు బంధువులా దగ్గుతూనే ఉంది. ఫోన్లు పిల్లల దగ్గర లేవని ఆ అమ్మానాన్నలందరికీ ఎప్పుడో తెలుసు. మిస్ దగ్గర ఉన్నాయని తెలిసే ఇస్తున్నారు.

రాజగోపాల్ లేచి నిలబడ్డాడు. ఇది ప్రిన్సిపల్ రూమా మిస్, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజా అన్నాడు.

కూర్చో రాజా అంది ఆమె. ఆయనకు మూడో తరగతి చెప్పింది ఆమేనట. నీ రూలు నేను పాటించినానప్పా, అందరివీ పట్టుకున్నాను. పట్టుకున్నాకే నాకు తెలిసింది, నేను పట్టుకునింది ఫోన్లు కాదు, ఇండ్లు. ఇన్నేండ్లు మీటింగులకు పిలిస్తే నలుగురు వస్తారు, చేతులు కట్టుకోని తలూపి పోతారు, ఒక మాట నోట్లోంచి రాదు. ఫోనులో అయితే మాట్లాడతారు. బండి పక్కన నిలుపుకోని మాట్లాడతారు, మిషన్ కాడ వంగి మాట్లాడతారు. నాకు ఏ బిడ్డ ఇంట్లో ఏమి ఉండాదో ఈ నెలలో తెలిసినంత ఎప్పుడూ తెలీలేదు. ఇప్పుడు నువ్వు ఈ పాపను పంపిస్తే, ఆ డ్రాయర్ గూడా నువ్వే పెట్టుకో, రేపట్నుంచి నువ్వే పలుకు.

రాజగోపాల్ డ్రాయర్ వైపు చూశాడు. అది దగ్గింది. ఆయన చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

ఎత్తకు అని ఆమె అరిచింది. అమ్మా అరిచింది. నేనూ అరిచాను.

టీసీ మిస్ చింపలేదు. తిప్పి వెనక్కి పెట్టి దాని మీదే రాసింది. ఫోన్లు పొద్దున ఆఫీసులో ట్రేలో పెట్టాలి, ఆఖరి గంటకు ముందు ఒక చిన్న గంట, అప్పుడు తీసుకోవాలి, పాఠం జరిగేటప్పుడు దొరికితే మాత్రం నేను మంచిదాన్ని కాదు. రాజగోపాల్ దసరా దాకా చూద్దామని సంతకం పెట్టాడు. ఆయనకు కూడా కాపీ కావాలట.

జాయ్ ఉంటుంది.

ఉపన్యాసం చదవనివ్వలేదు ఎవరూ.

19 జూలై

సంతోషంగానే ఉంది. కానీ రెండు పేజీల ఇంగ్లీషు వృథా అయింది. ఓబులేసుకు చదివి వినిపించాను. ఒక్క ముక్క అర్థం కాలేదు కరుణమ్మా, కానీ ఆయప్ప ఇనుంటే ఉచ్చ పోసుకుంటుండె అన్నాడు. మనసు కుదుటపడింది.

31 జూలై, సోమవారం

చిన్న గంట మొదలైంది. పిల్లలంతా ఆవరణలో నిలబడి ఒకేసారి చెవుల దగ్గర ఫోన్లు పెట్టుకుంటే పిచ్చుకల గుంపులా ఉందని జాయ్ చెప్పింది. ఫోను లేని పిల్లలు ఉన్నవాళ్ళ దగ్గర అడిగి ఇస్తున్నారట. ఈరమ్మ కొడుక్కి అందరికంటే ఎక్కువ డిమాండ్, వాడి ఫోనులో బాలన్స్ ఎప్పుడూ ఉంటుంది. జాయ్ నాలుగింటికి ఒకటి, ఇల్లు చేరి ఒకటి ఇస్తోంది. రెండోదానికి కూడా నా గుండె మీంచి రాయి దిగుతుంది. అలవాటు కాలేదు.

9 ఆగస్టు

మిస్ సొంతంగా ఫోను కొనుక్కుంది. నేర్పడానికి అమ్మ నన్ను పంపింది. వెళ్ళనన్నాను. వెళ్ళాను.

ఎత్తకుండా ఉండటం నేర్పడానికి గంట పట్టింది. మోగగానే ఆమె చెయ్యి పాములా కదులుతుంది. పట్టుకుని ఆపాను. ఇవ్వడం ఇంకా కష్టం. ఒక్క రింగుకు కట్ చెయ్యమంటే, అవతలోళ్ళు హలో అనేలోపల పెట్టేసేది మర్యాద కాదు గదా పాపా అంటుంది. అదే మర్యాద మిస్ అన్నాను. ప్రాక్టీసుకు నాకే ఇచ్చింది. నాలుగు రింగులు. ఆరు. మూడు. చివరికి ఒకటిన్నర. చాలు ఈ పూటకు అంది.

బయల్దేరుతుంటే, ఆ పొద్దు నువ్వు ఏదో కాయితం తెచ్చినావే, చదువు అంది. నిలబడి చదివాను, చివరి వాక్యంతో సహా. రెండు స్పెల్లింగులు దిద్దింది. హక్కు మాట మాత్రం అట్లే ఉండనీ అంది.

21 ఆగస్టు

జాయ్ చెప్పింది. ఇప్పుడు పిల్లలంతా ఇళ్ళు చేరాక మిస్‌కి కూడా ఒక్కో రింగు ఇవ్వాలట. అన్నీ వచ్చేదాకా ఆమె ఆఫీసులోనే కూర్చుంటుందట. మొన్న శుక్రవారం ఎవరో కుర్రవాడు బంతాటలో మర్చిపోతే ఆరున్నర దాకా ఉండిపోయిందట.

మంట పుట్టింది. ఫోన్ చేశాను, బాలన్స్ పోతే పోయిందని. మిస్, ఆరున్నరకు బస్సెక్కి, మెజెస్టిక్‌లో మారి, కాటన్‌పేట ఎప్పుడు చేరతారు అన్నాను. ఎప్పుడో చేరతాను పాపా అంది. చేరినట్టు ఎవరికి తెలుస్తుంది అన్నాను. కింద తమ్ముని అంగడి ఉండాది, వాళ్ళు షట్టర్ వేసుకోని పండుకుంటారు, నేను పైకి పోయి నా తాళం నేను తీసుకుంటాను, నాకేమి చిన్నబిడ్డనా అని నవ్వింది.

మా కాలంలో, మీ కాలంలో అని ఇంక నాతో అనకండి, తాళం తీశాక ఒకటి ఇవ్వండి అన్నాను. అదంతా ఎందుకప్పా, బేడ, వద్దు, సుమ్నే ఉండు అని పెట్టేసింది.

మొండిఘటం.

24 ఆగస్టు, గురువారం, రాత్రి 8.20

డెస్కు. భాగీరథమ్మ మిస్ నంబరు.

ఒక్క రింగు.

ఎత్తలేదు.